గొల్లపాళెం రాగిపిండి

ఫిబ్రవరి 23, ఆదివారం

అత్తయ్య చేతికి కట్టు విప్పారు. ఎముక అతుక్కుందిగానీ బరువు ఎత్తకూడదన్నాడు ఆత్మకూరు డాక్టర్. గరిటె ఎత్తొచ్చునా అని అడిగింది అత్తయ్య. ఎంత గరిటె అన్నాడాయన. ఈమె మంచి చేతిని చాపి, మోచేతి దాకా కొలిచి చూపించింది. అది గరిటె కాదమ్మా, తెడ్డు, వద్దు అన్నాడు.

కాబట్టి ఈ ఉగాదికి అంబలి పోయాల్సింది నేను.

పందొమ్మిదేళ్లుగా పక్కన నిలబడి చూస్తున్నదే. ఉగాది సాయంత్రం గొల్లపాళెం ఆడవాళ్లు చెంబులు పట్టుకుని మా ఇంటి మెట్ల కింద వరసగా నిలబడతారు. ఇంటి కోడలు గడప ముందు నిలబడి ఒక్కొక్కరికి మూడు గరిటెల రాగి అంబలి పోస్తుంది. ధాత కరువులో ఈ ఇంటి పెద్దాయన ధాన్యం పాతర తీయించి, దిక్కు లేకుండా పోయిన గొల్లవాళ్లను నలభై రోజులు అంబలి పోసి బతికించాడట. దానికి గుర్తు. పెళ్లయిన మొదటి వారంలోనే మా ఆయన రాజమోహన్ నాకీ కథ చెప్పాడు. ఒళ్లు పులకరించిన మాట నిజం. నేను కోవూరు దగ్గర మాగాణి ఊరి పిల్లను. మా ఊళ్లో నీళ్లున్నాయిగానీ ఇలాంటి కథ లేదు.

ఈసారి ఘనంగా చేయాలట. నూటయాభయ్యో ఉగాదట. కరువు 1876లో మొదలైంది, వానలు పడ్డాక వచ్చిన ఉగాది నుంచి లెక్కేస్తే నూట నలభై ఎనిమిదే వస్తోంది అన్నాను. నూట నలభై ఎనిమిదని ఎవరైనా ఫ్లెక్స్ వేస్తారా అన్నాడు. మాజీ సర్పంచ్ కదా, లెక్క గుండ్రంగా ఉండాలి.

ఫ్లెక్స్ మీదకు చరిత్ర ఒక పేజీ రాయమన్నాడు. ఇంట్లో తెలుగు టీచర్ ఉండగా బయటివాళ్లెందుకని.

ఫిబ్రవరి 26, శివరాత్రి

సెలవు. రాద్దామని కూర్చున్నాను. మూడు వాక్యాలు వచ్చాయి. మూడింట్లోనూ పెద్దాయనే ఉన్నాడు. పాతర తీయించాడు, పిలిపించాడు, బతికించాడు. మరి నలభై రోజులు అంబలి కాచింది ఎవరు? పోసింది ఎవరు? అత్తయ్యను అడిగాను. ఎవురో కోడలే కాచుంటాది, మగోళ్లు కాస్తారా అంది. పేరు? తెలీదంది. వాళ్లత్తకూ తెలీదట.

ఇంకో సంగతి కూడా అడిగాను. అందరికీ పోయడం అయ్యాక ఇంటి కోడలు మెట్లు దిగి వచ్చి, గొల్లపాళెం వరసలో అందరికంటే పెద్దామె చేత ఒక గరిటె పోయించుకుని తాగాలి. ఎందుకు? పోసిన చేతికి దిష్టి తగలకుండా అంది అత్తయ్య. అలాగే రాసుకున్నాను.

మార్చి 2, ఆదివారం

ఈరోజు ఒక మంచి పని చేశాను.

అంబలికి రాగిపిండి ఏటా గొల్లపాళెం నుంచే వస్తుంది. ఉగాదికి ముందు అమావాస్య నాడు ఓబులయ్య ఇంటివాళ్లు ఒక మూట తెచ్చి మా గడప మీద పెట్టిపోతారు. రాత్రంతా నానబెట్టి పులిసినాక పొద్దున కాస్తాం. ఇది నాకు మొదటి నుంచీ బాగుండేది కాదు. పెట్టేవాళ్లం మేము, పిండి మోసేది వాళ్లా? పోసేది నేనని తేలాక ఈ ఒక్కటీ సరిదిద్దుదామనిపించింది.

సాయంత్రం ఓబులయ్య మంద తోలుకుని మా చేని పక్కగా పోతూ కనపడ్డాడు. ఈసారి మీరు పిండి తేవద్దు, మేమే కొంటాం, మీకెందుకు ఖర్చు అన్నాను. ఆయన కర్రను గడ్డం కింద ఆనించుకున్నాడు. ఎవురు చెప్పినారమ్మా ఈ మాట, రెడ్డా, పెద్దమ్మా అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను అన్నాను, కాస్త గొప్పగానే. అట్టాగేలేమ్మా అని గొర్రెల్ని అదిలించుకుంటూ పోయాడు.

సంతోషంతో మాట రాలేదనుకుంటాను.

మార్చి 5

ఆత్మకూరులో మొలకెత్తిన రాగులతో చేసిన పిండి కొన్నాను. పది ప్యాకెట్లు. ప్యాకెట్ మీద నవ్వుతున్న పిల్ల బొమ్మ.

మార్చి 9, ఆదివారం

ఫ్లెక్స్ డిజైన్ వాట్సాప్‌లో వచ్చింది. పెద్దాయన జరీ తలపాగాతో గడప మీద నిలబడి బంగారు గిన్నెతో పోస్తున్నాడు. కింద గొల్లవాళ్లు చేతులు జోడించి వంగి ఉన్నారు. కరువులో ఉన్నవాళ్లకు అంత నూనె రాసిన జుట్టు ఎలా ఉందో తెలియదు. పెద్దాయన మీసం అచ్చం రాజమోహన్ మీసమే. మా హర్ష చూసి, నాన్నకు తలపాగా బాగుందే అన్నాడు. ఇంటర్ చదివే వాడికి కనపడింది, ఈయనకు కనపడలేదు. బాగుండాది, అచ్చేయమని చెప్పాడు ఫోన్లో.

ఉదయగిరిలో కొత్త గరిటె కూడా చెక్కిస్తున్నాడట. పిడి మీద పువ్వులు, ఇంటిపేరు. పాత గరిటె నున్నగా అరిగిపోయి ఉంది. దానికేమైందో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

మార్చి 13, గురువారం

స్కూలు నుంచి వచ్చేసరికి ఓబులయ్య గేటు దగ్గర ఉన్నాడు. రాజమోహన్ లోపలికి రమ్మంటే రాలేదు. ఈ ఉగాదికి మావోళ్లెవురూ రారు రెడ్డా, ముందుగా చెప్పిపోదామని వచ్చినా అన్నాడు. ఎందుకు రారంటే, మాయమ్మ వద్దనింది అన్నాడు. వాళ్లమ్మ ఆదిశేషమ్మ. తొంభైకి దగ్గర్లో ఉంది. ఆ వరసలో అందరికంటే పెద్దామె ఆమే.

ఆయన పోయాక రాజమోహన్ అరుపులు వీధి చివరికి వినపడ్డాయి. ఇది అవతలి పార్టీ పనేనట. ముసలమ్మకు పార్టీ ఏమిటి అన్నాను. నీకు తెలీదు ఊరుకో అన్నాడు. తర్వాత, వాళ్లు రాకపోతే పోనీ, కూలికి పిలిస్తే పదిమంది వస్తారు, చెంబులు పట్టుకునేదానికి మనుషులు కరువా అన్నాడు.

అత్తయ్య చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. మనుషులు కాదురా, వాళ్లు రావాల అంది. అన్నం తినలేదు.

మార్చి 16, ఆదివారం

పొద్దున అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. వాళ్లను ఏమైనా అన్నావా జయా అని. ఏమీ అనలేదన్నాను. తర్వాత పిండి సంగతి చెప్పాను.

ఆమె ముఖం చూసి భయమేసింది. ఎంత పని చేసినావే అంది. మంచికే కదా అత్తయ్యా అన్నాను. మీ మామ పోయిన ఏడు ఇంట్లో పండగ లేదు, పచ్చడి లేదు, పొయ్యి కూడా సరిగా వెలిగించలా, అయినా పిండి మూట వచ్చింది, గడప మీద పెట్టి మాట్లాడకుండా పోయినారు అని చెప్పింది. ఎందుకు తెస్తారని అడిగాను. తెస్తారు, అంతే అంది. పొద్దు తూర్పున ఎందుకు పొడుస్తుందని అడిగితే ఏం చెప్పేది అంది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చి యాభై ఏడేళ్లు. ఒక్క ఏడూ తప్పలేదు. చెయ్యి విరిగిన ఏడు ఆగిపోయిందంటారు, నా పేరు పెట్టి, కామాక్షమ్మ కాలంలో ఆగిపోయిందంటారు అని ఏడ్చింది. అత్తయ్య ఏడవగా చూడటం నాకిది రెండోసారి. ఆపింది ఆమె కాదు, నేను. ఆ మాట ఆమె నన్ను అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 17

పదో తరగతి పరీక్షలు మొదలు. ఈరోజు తెలుగు పేపర్ కాబట్టి నాకు డ్యూటీ వేయలేదు. స్టాఫ్ రూంలో కూర్చుని పిండి గురించే ఆలోచించాను.

మార్చి 19

బస్సు గొల్లపాళెం మలుపులో ఆగింది. ఓబులయ్య మంద రోడ్డు దాటుతోంది. చూశాడు. చూడనట్టు పోయాడు.

మార్చి 23, ఆదివారం

వెళ్లాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒళ్లు మండుతూనే వెళ్లాను, అది కూడా రాసుకోవాలి. పది ప్యాకెట్లు నా జీతంతో కొన్నాను, వీళ్లకు ఇంత పౌరుషమేంటి అని దారంతా నాలో నేను గొణుక్కున్నాను.

ఆదిశేషమ్మ దొడ్డి పక్కన రేకుల పంచలో కూర్చుని గొర్రెపిల్లకు పాలు పడుతోంది. తల్లి చచ్చిపోయిన పిల్లట. నన్ను చూసి మంచం చూపించింది.

అవ్వా, నేనేం తప్పు మాట్లాడాను అని అడిగాను. తప్పేముంది అమ్మణ్ణీ, పిండి వద్దన్నావు, మేం రామన్నాం, చెల్లుకు చెల్లు అంది. మీకు భారం తగ్గిద్దామనే కదా అన్నాను. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. ఆ అంబలి అడుక్కునేదానికి వస్తున్నామనుకున్నావా అంది. పిండి మాదైతే అది మా అంబలి, మీ గడప. పిండి మీదైతే అది బిచ్చం. మా ఇంట్లో బిచ్చానికి పోయినోళ్లు లేరు అంది.

అర్థం కాలేదన్నాను. నీకెట్టా అర్థమవుతాది, మీ ఇంట్లో చెప్పేదానికి మనిషి మిగల్లా అంది. తర్వాత చెప్పింది. వాళ్ల అవ్వ తనకు చెప్పిందట, ఆమెకు ఆమె అవ్వ.

కరువు వచ్చినప్పుడు గొల్లవాళ్లు మందల్ని తోలుకుని కిందికి, పెన్న ఒడ్డుకు పోయారట. అక్కడ కాలవ నీళ్లున్నాయి. రైతుల చేలల్లో రాత్రిళ్లు మంద కడితే ఎరువు పడుతుంది, అందుకు కూలిగా రాగులు కొలిచారట. సగం గొర్రెలు దారిలో పోయాయి. మిగిలిన సగంతో, రాగుల మూటలతో తిరిగొచ్చారు. వచ్చేసరికి పెద్దింటి పాతరలో గింజ లేదు. పెద్దాయన జ్వరంతో మంచం మీద ఉన్నాడు.

ఒక సాయంత్రం పొద్దు గూకే వేళ ఆ ఇంటి కోడలు ఒక్కతే వచ్చిందట. చంకలో బిడ్డ, కొంగు కింద కుండ. దొడ్డికి వేసిన ముళ్లకంచె దగ్గర నిలబడింది. పిలవలేదు. అడగలేదు. అడిగే అలవాటు లేని మనిషి. ఆదిశేషమ్మ అవ్వకు అవ్వ పొయ్యి ముందు నుంచి చూసి, లేచి వచ్చి, ఆమె నోరు తెరవకముందే కుండలో అంబలి పోసింది. అడిగించలా, అది గుర్తుపెట్టుకో అంది ముసలామె నాతో. రెండుసార్లు అంది. రోజుకు మూడు గరిటెలు. నలభై రోజులు.

వానలు పడ్డాయి. తర్వాత వచ్చిన ఉగాదికి ఆ కోడలు నలుగురిలో ఈ మాట చెబుతానందట. అంబలి పోసినామె వద్దంది. పెద్దింటి మనిషి కుండ పట్టిందని తెలిస్తే రేపు ఆ గడప మాట ఎవురు వింటారు, తగువులెవురు తీరుస్తారు, ఊరికి ఒక గడపన్నా నిలబడి ఉండాల అంది. కాబట్టి నువ్వు నీ గడప మీద నిలబడి మాకు అంబలి పొయ్యి, అందరూ చూడనీ. పిండి మాత్రం మాది. ఆఖర్న ఒక్క గరిటె నువ్వు నా చేత తాగాల. నీకూ నాకూ తెలిస్తే చాలు.

అదీ ఒప్పందం. ఆ మరుసటి ఏడు కోడలు పురుటిలో పోయింది. వాళ్లింట్లో మాట నిలిచింది, మా ఇంట్లో ఆడంబరం మిగిలింది.

ఆ కోడలి పేరడిగాను. వెంగమ్మ అంది.

నేను ఏడ్చాను. సిగ్గుతో. దిష్టి తగలకుండా అని అందంగా రాసి పెట్టుకున్నానే, ఆ కాగితం గుర్తొచ్చి. ముసలామె ఊరుకోబెట్టలేదు. గొర్రెపిల్ల నా చీర కుచ్చిళ్లు నములుతుంటే మాత్రం లాగింది.

ఫ్లెక్స్‌కు నేను రాయాల్సిన కాగితం సంగతి చెప్పి, నూట నలభై ఎనిమిదేళ్లు మీరెందుకు చెప్పలేదు అన్నాను. ఇచ్చింది చెప్పుకుంటే ఇచ్చినట్టా అంది. ఆ కాగితంలో రాయబాక, మగోళ్లకు చెప్పబాక, వాళ్లు దానికీ ఫ్లెక్సీ వేస్తారు అంది. మా అత్తయ్యకు? ఆమెకు వద్దు, ఇన్నేళ్లు తలెత్తుకుని పోసింది, ఇప్పుడు దించేది ఎందుకు అంది. మరి ఎవరికి చెప్పమంటావు అన్నాను. నీ వెనకొచ్చే దానికి అంది.

పిండి ఇస్తావా అవ్వా అని అడగబోయాను. చెయ్యెత్తి ఆపింది. పిండి ఇచ్చేది అమావాస్య నాడు అంది.

మార్చి 24

చరిత్ర అడిగాడు రాజమోహన్. ఒక్క వాక్యం రాసిచ్చాను: ధాత కరువులో ఈ ఊరు అంబలి తాగి బతికింది.

ఎవరు పోశారో లేదేంది అన్నాడు. బొమ్మలో ఉన్నాడుగా అన్నాను. పేజీ నిండాలి కదా అన్నాడు. అక్షరాలు పెద్దవి చేయించు అన్నాను. అసలు జనం వస్తే కదా అని నిట్టూర్చాడు. నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. చిన్నప్పుడు ఆయనకు చెప్పిన కథ ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను, పైగా చదువుకున్నదాన్ని.

మార్చి 29, శనివారం, అమావాస్య

మధ్యాహ్నం దాకా గడప వైపే చూస్తూ కూర్చుంది అత్తయ్య. మూట రాలేదు. రాదని నాకు తెలుసు. తేవద్దన్నది నేను.

నాలుగున్నరకు వంటింటి అటక మీద నుంచి పాత ఇత్తడి కుండ దించాను. ఎక్కడికి అంది అత్తయ్య. గొల్లపాళెం వెళ్లి పిండి తెస్తాను అన్నాను. రాజమోహన్ పేపర్ పక్కన పెట్టాడు. మనం వాళ్లింటికి కుండ తీసుకుని పోవడమా, ఎవరైనా చూస్తే అన్నాడు. అచ్చం అదే మాట. నూట నలభై ఎనిమిదేళ్ల కిందటి భయం మా హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని ఉంది.

చూస్తే చూడనీరా అంది అత్తయ్య. లేచి చెప్పులు వేసుకుంది. నేనొక్కదాన్నే వెళ్తాను అన్నాను. నీ చెయ్యి నువ్వు పట్టుకుని నడువు, నా చెయ్యి నేను పట్టుకుంటా అంది.

ఆటోలో పోదామంటే ఒప్పుకోలేదు. కిలోమీటరున్నర. దారిలో రెండుచోట్ల కూర్చుంది. రెండోచోట ఒక మాట చెప్పింది. యాభై ఏడు సార్లు ఆ ఆఖరి గరిటె తాగినా జయా, ఒక్కసారి కూడా పోసే మనిషి మొహం చూసి తాగలా, ఎందుకో తల లేవదు అంది. దిష్టి కోసమే అయితే తల ఎందుకు లేవదే అని నన్ను అడిగింది. ఎండ కొండ మీదికి ఎక్కింది, పోదాం అత్తయ్యా అన్నాను. ఆమెకు చెప్పనని ఆదిశేషమ్మకు మాట ఇచ్చాను.

పొద్దు గూకే వేళకు చేరాం. ఇప్పుడు ముళ్లకంచె లేదు, ఇనుప వల ఉంది. గొర్రెలు అప్పుడే లోపలికి వస్తున్నాయి. దుమ్ము. నేను కుండ పట్టుకుని వల బయట నిలబడ్డాను. అత్తయ్య నా పక్కన.

ఏమనాలో దారంతా అనుకుంటూ వచ్చాను. తప్పయింది, క్షమించండి, పిండి ఇవ్వండి. మూడూ మూడు చిన్న మాటలు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న నోరు. ఒక్కటీ బయటికి రాలేదు. అడగడం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదు.

ఆదిశేషమ్మ పంచలో నుంచి చూసింది. లేచింది. ఓబులయ్య పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. మూట ముందే కట్టి పెట్టి ఉంది, స్తంభం పక్కన. చంకన పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, నేను నోరు తెరవకముందే కుండలో పిండి పోసింది.

అడిగించలేదు.

అత్తయ్య తలెత్తి ఆమె ముఖం చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి ఎట్టుండాది రెడ్డెమ్మా అని మాత్రం అడిగింది ఆదిశేషమ్మ. అతుక్కుంది అంది అత్తయ్య.

మార్చి 30, ఉగాది

వచ్చారు. అందరూ.

ఫ్లెక్స్ కట్టారు. జరీ తలపాగా, బంగారు గిన్నె, కింద నా ఒక్క వాక్యం. ఓబులయ్య దాన్ని చూసి, రెడ్డా, మీసం బాగా కుదిరింది అన్నాడు. రాజమోహన్ పొంగిపోయాడు.

కొత్త గరిటె ఎత్తలేకపోయాను, పువ్వులు అరచేతిలో గుచ్చుకున్నాయి. పాతదే తెమ్మన్నాను. మూడేసి గరిటెలు పోశాను. మెట్ల మీద కొంచెం ఒలికింది.

చివరికి మెట్లు దిగాను. ఆదిశేషమ్మ నా దోసిట్లో పోసింది. ఆమె ముఖం చూస్తూ తాగాను. పుల్లగా ఉంది, పొగ వాసన. వెంగమ్మ తాగింది కూడా ఇదే.

అప్పుడు అత్తయ్య గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చింది. ఆమె వంతు కాదు ఈ ఏడు. అయినా దోసిలి పట్టింది.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

నవ్వుతున్న పిల్ల ప్యాకెట్లు పదీ పిల్లలకు జావ కాచి అయిపోగొడుతున్నాను.

హర్షకు పదిహేడు. పెళ్లికి ఇంకో పదేళ్లన్నా పడుతుంది. ఈ నోటుబుక్కు పాత గరిటెతో కలిపి గుడ్డలో చుట్టి, ఇత్తడి కుండలో పెడుతున్నాను.

అమ్మణ్ణీ, నువ్వెవరో నాకు తెలియదు. ఆమె పేరు వెంగమ్మ. పిండి వద్దనబాక.